నిదానమే ప్రధానము

మన భాషలో నిదానమను మాటకు రెండర్థములు కలవు. తొందరపాటు లేకుండుట లోకవ్యవహారములోని అర్థము. రోగమునకు మూలకారణమును నిర్ణయించుట వైద్యశాస్త్రములోని అర్థము. తొందరపడువాడు రోగమును కనుగొనలేడు గనుకనే కాబోలు, ఈ రెండును ఒకే మాటలో ఇమిడియున్నవి. మనుష్యదేహమునకు వర్తించు ఈ న్యాయము, నేడు మన వీధులలో విరివిగా తిరుగుచున్న విద్యుద్వాహనములకు ప్రాణాధారమైన లిథియం బాటరీకిని అక్షరాల వర్తించునని నాకు మా వీధిలోని విశ్రాంతోపాధ్యాయుడొకరి బాటరీ సైకిలు నేర్పినది.

ఆ మాస్టారు గ్రంథాలయమునకును కూరగాయల బజారునకును ఆ సైకిలు మీదనే పోయివచ్చుచుందురు. సగము ఖర్చయిన బాటరీని అట్లే ఉంచి, మేనకోడలి పెండ్లికై పొరుగూరు పోయి, ఆరు దినములకు తిరిగివచ్చి చూతురుగదా, సైకిలు కదలదు, దానికి దీపమైనను వెలుగదు. చార్జరు పెట్టబోయి, ఎందుకైనా మంచిదని మానుకొని, బాటరీని విప్పించి మరమ్మతు కొట్టునకు పట్టుకొనిపోయిరి; నేనును వెంట నడచితిని. కొట్టులోని కుర్రవాడు పైడబ్బా తెరచి, మల్టీమీటరు ముల్లులను బాటరీ రెండు కొసలకు ఆనించి చూచి, తరువాత బయటికి పోవు తీగలకు ఆనించి చూచి, క్షణములో తీర్పు చెప్పెను.

"మాస్టారూ, ఇది నలభై ఎనిమిది వోల్టుల బాటరీ కదండీ. లోపల నలభై ఎనిమిదీ ఉంది. బయటికి రావట్లేదంటే బీఎంఎస్ కొట్టేసిందండి. అది పీకేసి డైరెక్టు ఇచ్చేస్తాను, సుబ్బరంగా నడుస్తుంది."

"కంచె పీకేస్తే చేను బాగుపడుతుందా, నాయనా? నాకేం తొందర లేదు. మెల్లగా చూడు" అనిరి మాస్టారు.

ఆ కంచె ఎట్టిది, అది లేకున్న చేనుకు వచ్చు ముప్పేమి అని తెలిసికొన్నగాని, ఆ కుర్రవాని మాటలో ఎంత నిజమున్నదో, ఎంత ప్రమాదమున్నదో తేటపడదు.

లిథియం బాటరీ ఒక్కనాటిలో పుట్టినది కాదు. 1970వ దశకములో స్టాన్లీ విటింగ్‌హాం వేసిన పునాదిపై, 1980లో జాన్ గుడినఫ్ కోబాల్టు ఆక్సైడును ధనధ్రువముగా నిలిపెను. 1985లో అకిరా యోషినో కర్బనపదార్థమును రుణధ్రువముగా అమర్చెను. 1991లో సోనీ సంస్థ దానిని విపణికి తెచ్చెను. 2019లో ఆ ముగ్గురికిని రసాయనశాస్త్రములో నోబెల్ బహుమతి లభించెను. ఈ సెల్లులో జరుగునది చూడముచ్చటయైన వ్యవహారము. గ్రాఫైటు పొరలు పొరలుగా ఉండును. చిన్నతనమున మనము పుస్తకపు పుటల నడుమ నెమలీకలు దాచినట్లు, చార్జి చేయునపుడు లిథియం అయానులు ఆ పొరల నడుమ దూరి దాగును. వాడుకొనునపుడు అవి ఒక్కొక్కటిగా వెలువడి, అవతలి ధ్రువములోని ఆక్సైడు పొరలలోనికి పోయి చేరును. పుస్తకమును చింపక ఈకలు మాత్రము అటునిటు రాకపోకలు సాగించుటచేతనే ఈ సెల్లు వందలసార్లు నిండి ఖాళీయగుటకు తట్టుకొనగలుగుచున్నది.

అయితే పుస్తకమునకు పుటలు పరిమితము. 4.2 వోల్టులు దాటి ఇంకను కూరినచో, చోటు చాలని లిథియం గ్రాఫైటు పైననే లోహమై పేరుకొనును. అవతలివైపున అయానులను మితిమీరి కోల్పోయిన ఆక్సైడు తన కట్టడి సడలి ప్రాణవాయువును వదలజొచ్చును. నడుమనున్న ద్రవమో, మండు స్వభావము కలది. ప్రాణవాయువును, ఇంధనమును, వేడియు ఒకే డబ్బాలో చేరిన తరువాత జరుగునది వర్ణింపనక్కరలేదు. ఇక రెండవ హద్దు క్రిందిది. సెల్లు సుమారు రెండు వోల్టులకు దిగువన చాలకాలము పడియున్నచో, రుణధ్రువమునకు ఆధారమైన రాగిరేకు కొంచెము కొంచెముగా కరగి, మరల చార్జి చేసినపుడు ఆ రాగి తగని తావులలో పేరుకొని లోలోపల షార్టునకు దారితీయును. పై హద్దు దాటుట వెంటనే ప్రాణాంతకము. క్రింది హద్దు దాటుట కాలక్రమమున ప్రాణాంతకము.

మన ఇండ్లలో ఇన్వర్టరు క్రింద నుండు సీసపు బాటరీకి ఇట్టి కాపలా అక్కరలేకపోవుటకు కారణము కలదు. దానికి కొంత మించి విద్యుత్తు నెక్కించినను, ఆ మిగులు ఆమ్లములోని నీటిని వాయువులుగా విడగొట్టుటలో వ్యయమగును; నిండిన అర బుడగలు వదలుచుండగా, నిండని అర మెల్లగా వచ్చి దానిని అందుకొనును; మనము చేయవలసినదల్లా అప్పుడప్పుడు డిస్టిల్డు వాటరు పోయుటయే. లిథియం సెల్లులో నీరును లేదు, మిగులును మ్రింగుకొను ఆ ఓర్పును లేదు. ఆ ఓర్పును బయటినుండి అరువు తెచ్చిపెట్టు యంత్రాంగమునకే బాటరీ నిర్వహణ వ్యవస్థ అని పేరు. కొట్లలో అందరు పిలుచునది బీఎంఎస్ అని, లేదా ఊరక బోర్డు అని.

మాస్టారి ప్యాకులో 18 మిల్లీమీటర్ల అడ్డుకొలతయు 65 మిల్లీమీటర్ల పొడవును గల సెల్లులు 52 కలవు. నాలుగేసి సెల్లులను ప్రక్కప్రక్కన కలిపి ఒక జట్టుగా చేసి, అట్టి 13 జట్లను ఒకదాని వెనుక నొకటిగా కూర్చిరి. ఒక్కొక్క సెల్లు 2.5 ఆంపియరు గంటలది గనుక జట్టు శక్తి 10 ఆంపియరు గంటలు. జట్టు నిండినపుడు 4.2 వోల్టులు గనుక పదుమూడును నిండినచో 54.6 వోల్టులు. చార్జరునకు తెలిసినది ఈ చివరి అంకె యొక్కటియే. పండ్రెండు జట్లు 4.1 వోల్టుల వద్ద నుండగా పదమూడవది బలహీనమై ముందుగానే నిండి 4.4కు పోయినదనుకొందము, మొత్తము 53.6 మాత్రమే అగును. ఇంకను ఒక వోల్టు కొరతయున్నదని భావించి చార్జరు నిశ్చింతగా విద్యుత్తును పంపుచునే యుండును. కుటుంబములో సగటు ఆదాయము బాగున్నదన్న లెక్క పస్తున్నవాని ఆకలిని ఎట్లు దాచునో, మొత్తపు వోల్టేజి ఒక జట్టు ప్రాణసంకటమును అట్లే దాచును. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. మన కథలోని చిక్కంతయు దీనియందే యున్నది.

బోర్డు పని ప్రతి జట్టును విడివిడిగా చూచుచుండుట. అందుకై ప్రతి జట్టు కొసనుండియు ఒక సన్నని తీగ బోర్డునకు వచ్చును. 13 జట్లకు మొదటి రుణపు తీగతో కలిపి 14 తీగలు. ఈ తీగలు కన్నులైనచో, వానినుండి వచ్చు వార్తలను బేరీజు వేయు చిన్న చిప్పు మెదడు. దాని ఆజ్ఞకు లోబడి తెరచుకొని మూసికొను మాస్‌ఫెట్లు ద్వారములు. చార్జి వచ్చుటకొక ద్వారము, ఖర్చు పోవుటకొక ద్వారము. ఏ యొక్క జట్టయినను 4.25 వోల్టుల ప్రాంతమునకు చేరినచో మొదటి ద్వారము మూతపడును. ఏ యొక్క జట్టయినను 2.8 ప్రాంతమునకు దిగినచో రెండవది మూతపడును. ప్రవాహము మితిమీరినను, వేడి మితిమీరినను అంతియే. ఇవిగాక, ప్రతి జట్టునకును ఒక చిన్న నిరోధకము జోడింపబడియుండును: తోటివారికంటె ముందుగా నిండిన జట్టునుండి కొంచెము విద్యుత్తును వేడిగా కార్చివేసి, వెనుకబడినవానికి సమయమిచ్చుట దాని విధి. దీనినే బ్యాలెన్సు చేయుట అందురు.

ఇపుడు కొట్టునకు తిరిగివత్తము. లోపల 48 వోల్టులున్నవి, బయట లేవు. కావున ద్వారము మూతపడియున్నదనుట నిస్సంశయము. కాని మూతపడిన ద్వారమును చూచి ద్వారపాలకుడు చచ్చెనని తీర్మానించుట ఎట్లు? దొంగను చూచి తలుపు వేసికొనియుండవచ్చును గదా! కుర్రవాడు చెప్పినది లక్షణము, హేతువు కాదు. ఇంతలో కొట్టు యజమాని, నడివయసువాడు, టీ త్రాగి లోనికి వచ్చి, కుర్రవాని చేతిలోని మల్టీమీటరును తాను తీసికొని, బోర్డునుండి పదునాలుగు తీగల కనెక్టరును మెల్లగా ఊడదీసి, ఒక్కొక్క జట్టు వోల్టేజిని కొలిచి, చిత్తుకాగితముపై వ్రాయసాగెను. 3.79, 3.79, 3.80, 3.78... తొమ్మిదవ జట్టు వద్ద అతని పెన్సిలు ఆగెను. 2.61. మిగిలినవన్నియు మరల 3.79కి అటునిటు.

"చూశావురా? పన్నెండు బాగున్నాయి, ఒకటి పడిపోయింది. అన్నీ కూడితే నీకు నలభై ఎనిమిది వచ్చింది. అదీ సంగతి."

కూడి చూడుడు: పండ్రెండు మూడు డెబ్బది తొమ్మిదులు 45.48, దానికి 2.61 చేర్చినచో 48.09. బాటరీ పేరును దాని మొత్తమును కాకతాళీయముగా కలిసి కుర్రవానిని మోసగించెను. బోర్డు చావలేదు, తొమ్మిదవ జట్టు క్రింది హద్దు దాటుటను చూచి తన ధర్మమును తాను నిర్వర్తించి తలుపు మూసినది. దానిని పీకి డైరెక్టు ఇచ్చియుండినచో సైకిలు నడచియే యుండును. తొమ్మిదవ జట్టు రెండు వోల్టులకును, అటుపై ఇంకను దిగువకును ఈడ్వబడి, ఎన్నడో ఒకనాటి రాత్రి చార్జింగులో తన పగ తీర్చుకొనియుండును. మాస్టారు ఇంటివద్ద చార్జరు పెట్టియుండినను మేలు జరిగియుండదు; పండ్రెండు జట్లు ముందుగా నిండి బోర్డు చార్జిని ఆపివేయగా, తొమ్మిదవది సగములోనే నిలిచి, సైకిలు నాలుగడుగులు నడచి మరల ఆగియుండును.

కాని నిదానము ఇక్కడితో ముగియలేదు. తొమ్మిదవ జట్టు ఏల పడిపోయినది? దీనికి రెండే సమాధానములు. సెల్లులు చెడి తమలో తామే విద్యుత్తును హరించుకొనుచుండవచ్చును. లేదా బయటనుండి ఎవరో కాజేయుచుండవచ్చును. బయటనున్నవాడు ఒక్కడే, ఆ కావలివాడే. ఇద్దరు అనుమానితులను ఒకే గదిలో నుంచి ప్రశ్నించినచో నిజము తేలదు, విడదీయవలెను. యజమాని చేసినది సరిగ్గా అదియే. 2.61 ఇంకను ఉద్ధరింపదగిన స్థితియే గనుక, ఒంటి సెల్లుకు చార్జి పెట్టు సాధనముతో, అర ఆంపియరు ప్రవాహముతో రాత్రంతయు ఆ జట్టొక్కదానిని మాత్రము నింపి, తోటివానితో సమముగా 3.79కి తెచ్చి, బోర్డు కనెక్టరును తగిలింపకయే ప్యాకును వారము దినములు బల్లపై నుంచెను. వారము తరువాత కొలువగా 3.78. సెల్లులు నిర్దోషులు!

అటుపిమ్మట కనెక్టరును తగిలించి, గంట గడచిన తరువాత బోర్డుపై వరుసగా నున్న పదమూడు చిన్న నిరోధకములను ఒక్కొక్కదానిని వ్రేలికొసతో తాకి చూచి, నా చేతిని కూడ పట్టి తాకించెను. పండ్రెండు చల్లగా నున్నవి. తొమ్మిదవది గోరువెచ్చగా నున్నది. నిండిన జట్టునుండి మాత్రమే కార్చవలసిన ఆ నిరోధకము, దానిని నడుపు చిన్న ట్రాన్సిస్టరు షార్టయి తెరచుకొనియే పోవుటచేత, రాత్రింబవళ్లు కార్చుచునే యున్నది. నిరోధము 100 ఓములు, జట్టు 3.8 వోల్టులు, కావున ప్రవాహము 38 మిల్లీ ఆంపియర్లు. చూచుటకు చీమ నడకయే; కాని ఆరు దినములనగా 144 గంటలు; కారిపోయినది అయిదు ఆంపియరు గంటలకు పైమాట. సగము బాటరీలో జట్టున మిగిలియుండినదే అంత! పెండ్లిలో మంగళవాద్యములు మ్రోగుచుండగా, ఇక్కడ కంచె చేను మేయుచుండెను. కనెక్టరు తగిలించిన మరునాటికి తొమ్మిదవ జట్టు 3.71కి దిగుటతో సాక్ష్యము సంపూర్ణమయ్యెను.

ఇందలి వింత గమనింపదగినది. బోర్డు చెడినదన్న కుర్రవాని తీర్పు తుదకు నిజమైనది. కాని అతడు చూపిన కారణము తప్పు, చెప్పిన చికిత్స ప్రమాదకరము. అతడు నిందించిన ద్వారము నిర్దోషి. దొంగతనము చేసినది అతడు చూడనే చూడని మరియొక చేయి. కంచె చేను మేసినపుడు చేయవలసినది కొత్త కంచె వేయుటయే గాని, కంచెలేని సేద్యము కాదు.

కావలివానికి వచ్చు రోగములు ఇది యొక్కటియే కాదు. అన్నిటిలో సామాన్యమైనది కంటిజబ్బు: గతుకుల రోడ్లపై కుదుపులకు సన్నని తీగ టంకము విడిపోవును. నడుమనున్న తీగ తెగినపుడు బోర్డునకు ఒక జట్టు హెచ్చుగాను దాని పొరుగు జట్టు తగ్గుగాను కనబడును; రెండింటి మొత్తము మాత్రము సరిగానే యుండును. ఫోనులో జట్ల వోల్టేజిని చూపు బోర్డు గలవారు ఈ జంటవికారమును చూచినచో సెల్లులను శంకింపక, నేరుగా జట్టుపై కొలిచి, తీగను వెదకవలెను. రెండవది స్పర్శజబ్బు: వేడిని కొలుచు థర్మిస్టరు 25 డిగ్రీల వద్ద 10,000 ఓములుండి, 50 డిగ్రీలకు దాదాపు 4,000కు దిగును, దాని తీగ తెగినను నలిగినను, మెదడునకు లేని జ్వరమో లేని చలియో తోచి, ప్యాకు చల్లగానున్నను చార్జిని నిరాకరించును. రెంటచింతల ఎండలో నిలిపిన బండి చార్జి కానిచో అది నిజమైన జ్వరమే కావచ్చును. నీడకు చేర్చి రెండు గంటలాగిన తరువాతనే రోగమని తలపవలెను.

మూడవది ద్వారమునకు వచ్చు జబ్బు. మాస్‌ఫెట్లు కాలి తెరచుకొననిచో బండి నడువదు. యజమాని కొట్టునకు పరుగెత్తును. నష్టము ధనముతో పోవును. కాని అవి కాలునపుడు తరచుగా షార్టయి తెరచుకొనియే నిలిచిపోవును. అపుడు బండి ఎప్పటివలె నడచును, చార్జి ఎప్పటివలె ఎక్కును, ఎవరికిని ఏ ఫిర్యాదును ఉండదు. ఆపవలసిన దినమున ఆపుట మాత్రము జరుగదు. మూలుగు రోగికంటె మూలుగని రోగి యొక్క స్థితియే భయంకరమన్నమాట. ఎన్నడును తలుపు వేయని కావలివానిని మెచ్చుకొనరాదు, పరీక్షింపవలెను. బోర్డును ప్యాకునుండి విడదీసిన తరువాత మాస్‌ఫెట్ల రెండు కొసల నడుమ నిరోధమును కొలిచినచో, సున్నకు చేరువగా చూపినది షార్టయినదే.

ఇక్కడ మల్టీమీటరు చేయు ఒక మాయను కూడ చెప్పవలెను. మూతపడిన ద్వారపు సందులనుండి కారు అత్యల్ప ప్రవాహము సైతము, 10 మెగోముల లోపలి నిరోధము గల మీటరునకు చాలును. బయటి తీగల వద్ద అది కొన్ని వోల్టులనో, పెక్కు వోల్టులనో చూపి, ద్వారము తెరచియున్నదను భ్రాంతి కలిగించును. అనుభవజ్ఞుడు తగిన బల్బునొకదానిని ఆ తీగలకు తగిలించి చూచును. అది వెలిగినచో విద్యుత్తు, వెలుగక అంకె మాయమైనచో భూతము.

కొత్త బోర్డు వేయుటకును పద్ధతి కలదు. జట్ల సంఖ్య కలియవలెను. సెల్లు జాతి కలియవలెను. ఐరన్ ఫాస్ఫేటు సెల్లులు 3.65 వోల్టులకే నిండును, వానికి 4.25 వరకు ఓర్చు బోర్డును తగిలించుట గ్రుడ్డివానిని కావలి పెట్టుటయే. కనెక్టరును బోర్డునకు తగిలించుటకు ముందు మొదటి రుణపు తీగనుండి ఒక్కొక్క తీగ వరకు కొలిచినచో 3.79, 7.58, 11.37 అని మెట్లవలె సమానముగా ఎక్కుచు పోవలెను. ఒక్క మెట్టు తప్పినను తీగలు తారుమారైనవని అర్థము, తగిలించిన మరుక్షణము బోర్డు కాలును. ఇవి యన్నియు ఇంటివద్ద చేయదగిన పనులని నేను చెప్పుటలేదు. విప్పిన ప్యాకుపై ఒక స్పానరు జారిపడినను, చేతి ఉంగరము రెండు జట్లకు అడ్డుపడినను ప్రవహించునది వందల ఆంపియర్లు. ఆ కొట్టు యజమాని పనికి కూర్చుండుటకు ముందు గడియారమును ఉంగరమును తీసి జేబులో వేసికొనుట నేను చూచితిని.

ఎంత మంచి కావలివానికైనను చూపునకు హద్దు కలదు. 2013 జనవరి 7వ తేదీన అమెరికాలోని బోస్టను విమానాశ్రయములో నిలిచియున్న బోయింగు 787 విమానములో ఎనిమిది సెల్లుల లిథియం బాటరీ ఒకటి మండెను. ఒక సెల్లు లోపల కలిగిన షార్టు పొరుగు సెల్లులకు వ్యాపించినదని ఆ దేశపు రవాణా భద్రతా సంస్థ తేల్చెను. కావలి చూడగలిగినది వోల్టేజిని, ప్రవాహమును, వేడిని. సెల్లు కడుపులోని అణుమాత్రపు దోషమును అది ముందుగా చూడజాలదు. అందువలననే మన కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ, విద్యుద్వాహనములలో అగ్నిప్రమాదములు సంభవించిన 2022వ సంవత్సరములో, ఏ.ఐ.ఎస్. 156 అను ప్రమాణమును సవరించి, బోర్డు విషయమునే గాక సెల్లులు, చార్జరు, ప్యాకు నిర్మాణము, ఒక సెల్లునుండి పొరుగు సెల్లుకు మంట ప్రాకుట అను విషయములలో కూడ నిబంధనలను బిగించెను. మొదటి దశ ఆ సంవత్సరము డిసెంబరు 1 నుండియు, రెండవ దశ 2023 మార్చి 31 నుండియు అమలులోనికి వచ్చినవి. కాని కర్మాగారములో ఎంత కట్టుదిట్టముగా పెట్టిన కంచెనైనను, వీధిచివర కొట్టులో అయిదు నిమిషములలో పీకివేయవచ్చును. ఆ అయిదు నిమిషములను కాపాడు చట్టము లేదు, బాటరీ సొంతదారుని వివేకము తప్ప.

మాస్టారి సైకిలునకు కొత్త బోర్డు వేసిరి. ఆయన ఆనాటి పదమూడు అంకెలను ఒక కాగితముపై తేదీతో వ్రాసి, బాటరీ డబ్బా లోపలి మూతకు అంటించిరి. ఆరు నెలలకొకసారి కొలిపించి ప్రక్కన వ్రాయించుచున్నారు. ఖర్చులేని ఈ పనిని విద్యుద్వాహనము గల ప్రతివారును చేయవచ్చును. బండి ఆగిన దినమున మెకానికు బీఎంఎస్ పోయిందనినచో కోపపడకుడు, అది నిజమే కావచ్చును. కాని ఏ జట్టు ఎంత ఉన్నదో ముందు కాగితముమీద పెట్టుమని అడుగుడు. డైరెక్టు ఇచ్చేస్తాననినచో మాత్రము, మారుమాటాడక బాటరీని తీసికొని ఇంటికి రండు.